సుయోధనుడి కిరీటం.. వడియాల మీద దుమ్ము!

‘‘ఒరేయ్, ఈ వడియాల మీద బూడిదేంట్రా?’’ మేడ మీద నుంచి అమ్మ కేక. పరుగెత్తుకెళ్లి చూస్తే, పాత చీర మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాలన్నీ బూడిద రంగుకి తిరిగాయి. అది బూడిద కాదు. పక్కనే కూర్చుని పొద్దుట్నుంచి నేను రుద్దిన ఫోమ్ పొడి.

వడియాలు పోతే పోయాయి. ఆ రాత్రి చెల్లికి దగ్గు మొదలైంది. దానికి చిన్నప్పట్నుంచీ ఆయాసం. ఇన్‌హేలర్ పీలుస్తూ నా టీషర్టు వైపు చూసింది. జుట్టులో, చేతుల మీద ఇంకా ఆ పొడే. ‘‘ఇంకోసారి ఈ పని ఇంట్లో చేశావంటే ఊరుకోను’’ అని నాన్న తేల్చేశారు. కాలేజీ యానివర్సరీలో నా ‘మయసభ’ ఏకపాత్రాభినయానికి అప్పటికి మూడు వారాలే టైముంది. కిరీటం సగంలో ఉంది, భుజకీర్తులు మొదలే పెట్టలేదు.

ఈ ఫోమ్ మనకు కొత్తేం కాదు. పిల్లలు ఆడుకునే పజిల్ మ్యాట్లు, స్పోర్ట్స్ షూ అడుగున ఉండే మెత్తటి పొర.. ఎక్కువగా ఇదే. ఈవీఏ అంటారు. తేలిగ్గా ఉంటుంది, వేడి చేస్తే వంగుతుంది. హైదరాబాద్ కామిక్‌కాన్‌లో సూపర్‌హీరో వేషాలు వేసేవాళ్లు కవచాలు చేసుకునేది చాలావరకు దీంతోనే. సుయోధనుడికి మాత్రం ఎందుకు పనికిరాదు?

చిక్కల్లా పొడితోనే. కొండపల్లి బొమ్మల కళాకారులు తెల్ల పొణికి కర్రను చెక్కి, ఆ రంపపు పొట్టునే చింతగింజల పిండితో కలిపి మక్కు చేసి అతుకులకు వాడతారు. మన ఫోమ్ పొడికి అలాంటి యోగం లేదు. అది ప్లాస్టిక్. కుళ్లదు, కరగదు, గాలికి లేచి ఇల్లంతా తిరుగుతుంది.

మెట్ల కింద మూల

మేడ వద్దనుకున్నాక మిగిలింది మెట్ల కింద చిన్న గది. ఒక తలుపు, ఒక కిటికీ. కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాం. గాలి బయటికి పోతోందా లేదా అని అగరొత్తి వెలిగించి చూశా. పొగ తిన్నగా కిటికీ వైపు సాగితే సరే. తలుపు కింద సందులో తడిగుడ్డ పెట్టా. అటు పక్కింటివాళ్ల బట్టల తీగ ఉందేమో కూడా చూసుకోండి. మన దుమ్ము వాళ్లకి పంపడం పరిష్కారం కాదుగా!

పెట్టెలో చేతులు

ఎయిర్ కూలర్ వచ్చిన అట్టపెట్టె దాచి ఉంచాం. దాని ముందువైపు రెండు రంధ్రాలు కోసి, పాత చొక్కా చేతులు అంటించా. పైన మందపాటి పారదర్శక షీటు. పక్క రంధ్రంలో వాక్యూమ్ క్లీనర్ గొట్టం. లోపల ముక్క పెట్టి, చేతులు దూర్చి రుద్దడమే. ఒక జాగ్రత్త: మామూలు వాక్యూమ్ సన్నటి పొడిని వెనక నుంచి మళ్లీ బయటికి ఊదేస్తుంది. హెపా ఫిల్టర్ ఉన్నదైతే మేలు. లేకపోతే మెషీన్‌ని బయట పెట్టి, గొట్టం మాత్రమే లోపలికి తీసుకోండి.

మాస్కు ఒకటే చాలదు

కర్చీఫ్ కట్టుకుంటే సరిపోదు. ముక్కుకి బిగుతుగా పట్టే ఎన్95, కళ్లకి గాగుల్స్ కావాలి. అయితే ఎన్95 పొడిని ఆపుతుంది గానీ గమ్ము ఆవిరిని ఆపదు. అతికించే పని తలుపు, కిటికీ బార్లా తెరిచి విడిగా చేయండి. రుద్దుతున్నప్పుడు, హీట్ గన్ వాడుతున్నప్పుడు గమ్ము డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు. ఆ ఆవిరి అంటుకుంటుంది.

తక్కువ రుద్దితే తక్కువ పొడి

నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే. కొత్త బ్లేడుతో కోత శుభ్రంగా కోస్తే రుద్దే పని సగం తగ్గుతుంది. చేత్తో అయితే ముందు 120 నంబరు ఉప్పు కాగితం, తర్వాత 220, చివరికి 400. రోటరీ టూల్ అయితే పైపైన తాకించాలి. గట్టిగా నొక్కితే ఫోమ్ కరిగి ఉండలు కడుతుంది. చివర్లో హీట్ గన్ దూరం నుంచి తిప్పితే పైపొర మూసుకుని నున్నగా అవుతుంది. పొగ వచ్చిందంటే మాడుతున్నట్టే, ఆపేయండి.

సీలింగ్ ఫ్యాను వేయకూడదు, వేస్తే పొడి లేస్తుంది. వినుకొండ ఎండల్లో ఫ్యాను లేకుండా మధ్యాహ్నం కూర్చోవడం అయ్యే పని కాదు. అందుకే తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది దాకా టైము పెట్టుకున్నా.

పని అయ్యాక చీపురు ముట్టుకోవద్దు. తడిగుడ్డతో తుడిచి, పొడిని కవర్లో మూటకట్టి పొడి చెత్తలో వేయండి. కాల్చొద్దు, కాలవలో కలపొద్దు. పని బట్టలు ఆ గదిలోనే మార్చుకుని, తల కడుక్కున్నాకే ఇంట్లోకి.

చెల్లికి ఆ రాత్రి దగ్గు నా వల్లే వచ్చిందని డాక్టరు ఖాయంగా చెప్పలేదు. ఆయాసం ఉన్నవాళ్లకి ఏ దుమ్మూ మంచిది కాదని మాత్రం అన్నారు. నాకు అది చాలు.

మూడు వారాల్లో కిరీటం, భుజకీర్తులు, గద పూర్తయ్యాయి. బంగారు రంగు ఆరి, వాసన పోయాక అద్దాలు అతికించింది చెల్లే. ఇప్పుడు అమ్మ వడియాలు పెట్టే ముందు ఒక్క మాట అడుగుతుంది.. ‘‘ఏరా, ఇవాళ రుద్దుతున్నావా?’’