చిల్లగింజ

కతకవృక్షపు పండు నీళ్లను తేరుస్తుంది గాని, దాని పేరు పలికితే నీళ్లు తేరవని మనుస్మృతిలో వొక పోలిక వుంది. యిరవై యేళ్లుగా క్లాసులో ఆ పోలిక చెబుతున్నాను. ఆ కాయ యెలా వుంటుందో మాత్రం యెన్నడూ చూడలేదు!

మొన్న సంక్రాంతి సెలవుల్లో రంపచోడవరం వైపు వొక సంతకు వెళ్లాను. కుంకుళ్లు, చీపుళ్ల మధ్య వొక కొండరెడ్ల ముసలమ్మ గోనెపట్ట మీద గుండ్రటి గింజలు పోసుకు కూర్చుంది.

"యేమిటమ్మా యివి?"

"చిల్లగింజలు బాబూ. బురదనీళ్లు తేర్చుకోడానికి."

చిల్ల అన్నా, ఇండుప అన్నా, కతకం అన్నా వొకటేనని అప్పటికి గుర్తొచ్చింది యీ పండితుడికి.

"చెట్లు బాగానే వున్నాయా?"

"గింజ కొనేవోళ్లుంటేగా చెట్టుంటాది? కర్ర గట్టిది. నాగలికీ పొయ్యికీ కొట్టేత్తన్నారు. పోయిన సంతలో మూట విప్పినట్టే కట్టుకుపోయాను" అంది.

1956లో విశాఖపట్నం కేంద్రంగా యేర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయాల్లో చిల్లగింజా వుంది. కాని పట్నంలో వాడేవాళ్లు లేనిదే యెవరు మాత్రం యెంతని కొంటారు? చిల్లచెట్టు నిదానంగా పెరుగుతుంది. యీవేళ కొట్టింది మళ్లీ కాయాలంటే యేళ్లు పట్టాలి. దాని నల్లని పండ్ల గుజ్జు మనుషులకే కాదు, పిట్టలకూ ఆహారమే.

అరకిలో కొన్నాను. మా యింట్లో పరీక్ష జరిగింది. పూర్వం కుండ లోపలి గోడకు గింజను రుద్దేవారు. మా ఆవిడ గంధపు సాన మీద అరగదీసి, బురదనీళ్లలో కలిపి వదిలేసింది. గింజలోని జిగురు పదార్థం మట్టిరేణువులను ముద్దలుగా చేర్చి అడుక్కి దించుతుంది. తెల్లారేసరికి పైనీళ్లు తేటగా నిలిచాయి.

"తాగేస్తారేమిటండీ? కాచి యిస్తానుండండి" అని గ్లాసు లాక్కుంది. నిజమే. బురద దిగినంత మాత్రాన క్రిములు చావవు. మరో జాగ్రత్త, దీని దాయాది ముష్టిగింజ విషం. అది బిళ్లలా చప్పటగా వుంటుంది. తెలిసినవాళ్ల దగ్గరే కొనాలి.

మిగిలిన గింజలు క్లాసుకు పట్టుకెళ్లాను. చేతులు మారుతూ వెనకబెంచీ దాకా పోయాయి.

"మాస్టారూ, మొలకెత్తుతాయా?" అంది వొక అమ్మాయి.

తెలియదన్నాను. సాయంత్రం పది గింజలు సంచుల్లో పాతాం.