యోసెమిటీ పర్వత సరస్సులు: పేరు, నీరు, విహారనియమాలు

వ్యాససంగ్రహం:
అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉన్న యోసెమిటీ జాతీయ ఉద్యానం అడవులకు, పర్వత సరస్సులకు ప్రసిద్ధి చెందింది. నడక, ఈత, పడవవిహారం, చేపలవేట, అడవిలో రాత్రిబస వంటి కార్యకలాపాల కోసం ఏటా లక్షలాది సందర్శకులు అక్కడికి వస్తారు. అయితే ఒక నీటిలో అనుమతించే పని మరొక నీటిలో నిషిద్ధం. ఈ భేదాలకు గల కారణాలను టెనాయా, మిర్రర్, హెచ్ హెచీ అనే మూడు జలరాశుల చరిత్ర ఆధారంగా వివరించడం, తెలుగు యాత్రారచనల అధ్యయనానికి ఆ చరిత్ర ఎలా ఉపకరిస్తుందో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యోసెమిటీ, పర్వత సరస్సు, చెరువు, స్థలనామం, పూడిక, జాతీయ ఉద్యానం, యాత్రాసాహిత్యం.

1. ఉపోద్ఘాతం
తెలుగులో జలాశ్రయాలకు పేర్లు అనేకం. కుంట, మడుగు, కొలను, చెరువు, సరస్సు అనే పదాలు పర్యాయపదాలుగా కనిపించినా వాటి అర్థపరిధులు వేరు. చెరువు అనగానే కట్ట, తూము, అలుగు, ఆయకట్టు స్ఫురిస్తాయి. అది మనిషి కట్టినది. తటాకనిర్మాణాన్ని సప్తసంతానాలలో ఒకటిగా లెక్కించిన సంప్రదాయం మనది. సరస్సు అన్న మాటలో కట్టినవాడు కనిపించడు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని కాలంలో నిర్మితమైన పాకాల చెరువు నేడు అభయారణ్యంలో భాగమై, పర్యాటక వివరణలలో ‘పాకాల సరస్సు’గా కూడా ప్రస్తావనకు వస్తోంది. పేరు మారగానే కట్ట మరుగున పడి, అడవి ముందుకు వస్తుంది.

విదేశీ జాతీయ ఉద్యానాలలోని పర్వత సరస్సులను చూసేటప్పుడు కూడా ఇటువంటి దృష్టే పనిచేస్తుంది. అవి మానవస్పర్శ లేని ప్రకృతిగా తోస్తాయి. కానీ వాటి పేరు, నీటిమట్టం, పూడిక, అందులోని చేపలు, ఒడ్డున పాటించవలసిన నియమాలు అన్నింటి వెనుకా మానవనిర్ణయాలు ఉన్నాయి. యోసెమిటీ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ.

2. నైసర్గిక, చట్టపరమైన నేపథ్యం
యోసెమిటీ సియెరా నెవాడా పర్వతశ్రేణిలో సుమారు మూడు వేల చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది. సుమారు 20 వేల ఏళ్ల క్రితం పరాకాష్ఠకు చేరిన చివరి హిమయుగంలో ఇక్కడి లోయలలో హిమానీనదాలు ప్రవహించాయి. అవి గ్రానైటు శిలలను తొలిచి పల్లాలు చేశాయి. మంచు కరిగిన తరువాత ఆ పల్లాలలో నీరు నిలిచింది. ఎత్తయిన ప్రాంతాలలోని సరస్సులలో అధికభాగం ఇలా ఏర్పడినవే. హిమానీనదాల ప్రభావానికి లోనుకాని దక్కన్ పీఠభూమిలో ఈ కోవకు చెందిన సరస్సులు లేవు. మన ప్రాంతంలో నీటిని నిలపడానికి కట్ట అవసరమైంది.

1864లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేసిన చట్టం యోసెమిటీ లోయను ప్రజల విహారార్థం కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించింది. 1890లో చుట్టుపక్కల ప్రాంతం జాతీయ ఉద్యానమైంది. 1906లో లోయ కూడా అందులో కలిసింది. 1984లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అదే ఏడాది ఉద్యానంలో 90 శాతానికి పైగా భూభాగాన్ని అమెరికా ప్రభుత్వం చట్టబద్ధమైన వన్యప్రాంతంగా ప్రకటించింది.

3. టెనాయా: పేరు మారిన సరస్సు
సముద్రమట్టానికి సుమారు 2,480 మీటర్ల ఎత్తున టెనాయా సరస్సు ఉంది. టయోగా రహదారి దాని ఒడ్డునే సాగుతుంది. శీతకాలమంతా మంచు కారణంగా ఆ దారి మూసి ఉంటుంది. వేసవిలో సందర్శకులు ఇక్కడ ఈదుతారు, యంత్రం లేని పడవలు నడుపుతారు, చుట్టూ ఉన్న గ్రానైటు కొండలను ఎక్కుతారు.

ఈ ఆహ్లాదకరమైన స్థలానికి ఉన్న పేరు ఒక పరాజయానికి గుర్తు. బంగారు గనుల వేటలో వచ్చినవారికీ స్థానిక ఆదివాసులకూ ఘర్షణలు పెరిగిన కాలంలో, 1851లో, మారిపోసా బెటాలియన్ అనే సాయుధదళం యోసెమిటీ లోయలో నివసించే అహ్వానీచీ ప్రజలను వారి నేల నుంచి తరలించడానికి వచ్చింది. వారి నాయకుడు టెనాయా. ఆయన ప్రజలు ఈ సరస్సు ఒడ్డునే పట్టుబడ్డారు. దళసభ్యుడైన లఫాయెట్ బన్నెల్ సరస్సుకు టెనాయా పేరు పెట్టాడు. దానికి ముందే ఒక పేరు ఉందని టెనాయా బదులిచ్చినట్లు బన్నెల్ తానే తన గ్రంథంలో నమోదు చేశాడు. ఆ పేరు పైవియాక్. మెరిసే శిలలు అని దానికి అర్థం చెబుతారు. హిమానీనదం రాపిడికి నునుపుదేరి ఎండలో మెరిసే గ్రానైటు ఇప్పటికీ ఆ తీరంలో కనిపిస్తుంది. పాత పేరు భూస్వరూపాన్ని వర్ణించింది. కొత్త పేరు ఒక వ్యక్తిని గౌరవించినట్లు కనిపిస్తూనే, ఆయన జాతి ఆ స్థలంపై కోల్పోయిన హక్కును కప్పివేసింది. స్థలనామాల పరిశోధకులకు ఇది గమనించదగిన అంశం.

4. మిర్రర్ లేక్: పూడికను అంగీకరించిన నీరు
టెనాయా సరస్సు నుంచి వెలువడే టెనాయా వాగు ఇరుకైన లోయ గుండా దిగి, సుమారు 1,250 మీటర్ల ఎత్తున, హాఫ్ డోమ్ శిఖరం పాదం వద్ద మిర్రర్ లేక్‌ను చేరుతుంది. కొండచరియ విరిగిపడి వాగుకు అడ్డం రావడంతో ఏర్పడిన నీరు ఇది. నిశ్చలమైన నీటిలో శిఖరాలు అద్దంలో వలె ప్రతిఫలిస్తాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. వాగు తెచ్చే ఇసుకతో ఇది నిరంతరం పూడుతూ ఉంటుంది. ప్రతిబింబం చెదరకుండా నిలపాలని చాలాకాలం ఇసుక తవ్వి తీశారు. 1971లో ఆ పని నిలిపివేశారు. ప్రస్తుతం వసంతంలోనూ, వేసవి తొలినాళ్లలోనూ అక్కడ నీరు నిలుస్తుంది. వేసవి చివరికి చాలాభాగం ఇసుకమేటగా మారుతుంది. సందర్శకులు అదే చోట ఒక ఋతువులో ఈదుతారు, మరొక ఋతువులో నడుస్తారు.

చెరువు సంస్కృతి నుంచి చూసేవారికి ఈ నిర్ణయం వింతగా తోచవచ్చు. మన గ్రామాలలో పూడిక తీయడం ఉమ్మడి బాధ్యత. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయకు ఆ బాధ్యతే ఆధారం. చెరువు ప్రయోజనం సేద్యం, తాగునీరు. పూడిక తీయకపోతే ఆ ప్రయోజనం నశిస్తుంది. మిర్రర్ లేక్‌లో పూడిక తీసింది దృశ్యం కోసం. సహజ పరిణామాన్ని కొనసాగనివ్వడమే ఉద్యానధర్మమని భావించినప్పుడు ఆ తవ్వకానికి సమర్థన లేకపోయింది. రెండు నిర్ణయాలూ తమ తమ ప్రయోజనాలకు అనుగుణమైనవే.

5. హెచ్ హెచీ: ఉద్యానంలోని ఆనకట్ట
ఉద్యానం వాయవ్యభాగంలో టువాలమీ నది ప్రవహించే హెచ్ హెచీ లోయ ఉండేది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి నీటికోసం అక్కడ ఆనకట్ట కట్టాలన్న ప్రతిపాదనను ప్రకృతిరచయిత జాన్ మ్యూర్ తీవ్రంగా వ్యతిరేకించాడు. అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన రేకర్ చట్టంపై 1913 డిసెంబరులో అధ్యక్షుడు విల్సన్ సంతకం చేశాడు. మరుసటి ఏడాది డిసెంబరులో మ్యూర్ మరణించాడు. 1923లో ఓషానెస్సీ ఆనకట్ట పూర్తయింది. 1938లో దాని ఎత్తు పెంచారు. లోయ నీటమునిగింది.

ఈ జలాశయం ఒడ్డున నడవవచ్చు, ఒడ్డు నుంచి చేపలు పట్టవచ్చు. నీటిలో దిగడం, పడవ నడపడం మాత్రం నిషిద్ధం. కారణం ఇది నగరాల తాగునీరు కావడమే. శాన్‌ఫ్రాన్సిస్కోతో పాటు తెలుగువారు గణనీయంగా స్థిరపడిన ఫ్రీమాంట్, సన్నీవేల్, మిల్పిటాస్ వంటి పట్టణాలకు కూడా ఈ వ్యవస్థ నుంచి కొంత నీరు అందుతుంది. వారాంతంలో యోసెమిటీకి వెళ్లే తెలుగు కుటుంబం తన ఇంటి కుళాయికి మూలమైన లోయను అక్కడ చూడగలదు. తెలుగు పదసంపద ప్రకారం ఇది సరస్సు కాదు. దీనికి కట్ట ఉంది, ఆయకట్టుకు బదులు నగరం ఉంది.

6. చేపలు, కప్పలు
జలపాతాలు అడ్డుగా ఉండటం వల్ల సియెరా నెవాడాలోని ఎత్తయిన సరస్సులలో అధికశాతం సహజంగా చేపలు లేనివి. వేటవినోదం కోసం 19వ శతాబ్దం చివరి నుంచి వాటిలో ట్రౌట్ చేపలను వదిలారు. యోసెమిటీలో ఆ పద్ధతి 1991లో ముగిసింది. అప్పటికే ఆ చేపలు సరస్సులలో స్థిరపడి, పసుపుకాళ్ల కప్ప సంతతిని తినేశాయి. ఈ కప్ప తోకకప్పలు ఎదగడానికి ఒకటికంటే ఎక్కువ శీతకాలాలు పడుతుంది. అందువల్ల అడుగుదాకా గడ్డకట్టని, ఎండిపోని లోతైన సరస్సులే వాటికి ఆధారం. చేపలను వదిలింది కూడా ఆ సరస్సులలోనే. దీనికి చర్మానికి సోకే శిలీంధ్రవ్యాధి తోడైంది. 2014లో సియెరా నెవాడా పసుపుకాళ్ల కప్పను అంతరించే ప్రమాదమున్న జీవిగా ప్రకటించారు. ఎంపిక చేసిన సరస్సుల నుంచి వలలతో చేపలను తొలగిస్తున్నారు. యోసెమిటీలో ఈ కప్పల సంఖ్య రెండు దశాబ్దాలలో సుమారు ఏడు రెట్లు పెరిగిందని 2016లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది.

7. నియమాల అంతరార్థం
యోసెమిటీ వన్యప్రాంతంలో రాత్రిబసకు అనుమతిపత్రం తప్పనిసరి. గుడారాన్ని నీటికి, కాలిబాటకు కనీసం 100 అడుగుల దూరంలో వేయాలి. ఆహారాన్ని ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో భద్రపరచాలి. 9,600 అడుగులకు పైన నెగడు వేయరాదు. ఆ ఎత్తులో చెట్లు అతి నెమ్మదిగా పెరుగుతాయి. రాలిన కట్టె అక్కడి మట్టికి పోషకం. సరస్సులో సబ్బు వాడరాదు.

ఇవి విహారాన్ని అడ్డుకునే ఆంక్షలుగా కనిపించవచ్చు. కానీ చేపలను వదిలినవారూ, ఇసుక తవ్వినవారూ సందర్శకుల ఆనందం కోసమే ఆ పనులు చేశారు. విహారం కూడా సరస్సును మార్చగలదన్న అనుభవం నేటి నియమాలకు పునాది.

8. ముగింపు
ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, పర్వత సరస్సు ప్రస్తుతరూపం భౌగోళిక ప్రక్రియల, మానవనిర్ణయాల ఉమ్మడి ఫలితం. రెండు, స్థలనామం ఆ చరిత్రను కొన్నిసార్లు చెబుతుంది, కొన్నిసార్లు దాస్తుంది. మూడు, విహారనియమాలను చదివితే ఆ నీరు ఎవరి ప్రయోజనం కోసం ఉన్నదో తెలుస్తుంది.

అమెరికా జాతీయ ఉద్యానాలను వర్ణించే తెలుగు యాత్రారచనలను అధ్యయనం చేసేవారు వర్ణనాశిల్పంతో పాటు ఈ ప్రశ్నలను కూడా వేయవచ్చు: రచయిత ఆ నీటిని ఏ పదంతో పిలిచారు? పాత పేరును గుర్తించారా? కట్టను చూశారా? ఇవే ప్రశ్నలు పాకాల గురించిన రచనలకు కూడా వర్తిస్తాయి. చెరువుకూ సరస్సుకూ మధ్య ఉన్న భేదాన్ని తెలుగుభాష ఇప్పటికే గుర్తించింది. పరిశోధకులు ఆ భేదాన్ని విశ్లేషణ పరికరంగా వినియోగించుకోవలసి ఉంది.