ఉద్దానం నేర్పిన పాఠం

గురుకులంలో మా గురువుగారు చరకసంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయాన్ని మాచేత మళ్ళీ మళ్ళీ వల్లె వేయించేవారు. ప్రకృతి, ఆహారం, వయస్సు వేర్వేరైన జనులు ఒకే కాలంలో ఒకే వ్యాధికి ఎందుకు లోనవుతారని అందులో అగ్నివేశుని ప్రశ్న. అందరికీ ఉమ్మడి అయిన గాలి, నీరు, నేల, కాలం చెడడమే హేతువని ఆత్రేయ మహర్షి సమాధానం. ఏలేవారు ధర్మం తప్పడమే దానికి మూలమని కూడా ఆయన సెలవిచ్చాడు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి, జీడితోటల సీమ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ప్రాణాలు తీస్తున్నది. మధుమేహం, రక్తపోటు లేని కష్టజీవులకు కూడా వస్తున్నది. శ్రీలంక వరిరైతులలోను, మధ్య అమెరికా చెరకు కూలీలలోను ఇటువంటి వ్యాధే కనిపించింది. ఎండలో శ్రమ, తాగునీరు, పురుగుమందులు మొదలైనవాటిని పరిశోధకులు పరీక్షించారు. ఇదే కారణమని ఏ ఒక్కదానినీ తేల్చలేదు.

వ్యాధి ఒకటే, చూచే దృష్టులు మూడు. "మా నుదుటిరాత బాబూ" అన్నారు పల్లెవారు. "కారణం తేలనిదే ఏం చెయ్యగలమండీ?" అన్నారు నాకు తెలిసిన ఒక అధికారి. ఆయన నిర్దయుడు కాడు. ఒక రోగానికి ఒకే కారణం ఉండి తీరాలన్నది ఆయన చదువు ఇచ్చిన నమ్మకం.

మూడవది నా దృష్టి. పాతికేళ్ళ క్రితం కాళ్ళ వాపుతో వచ్చిన ఒక రైతుకు పునర్నవ కషాయం ఇచ్చాను. వాపు తీసింది, నేను తృప్తిపడ్డాను. రక్తపరీక్షకు పంపలేదు. మరుసటి ఏడు వాంతులతో వచ్చాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆయన దక్కలేదు.

ఆత్రేయుడు కారణం తేలేవరకు ఆగమనలేదు. ఉపద్రవం ముంచుకు రాకముందే ఓషధులు సేకరించి ఉంచుకొమ్మన్నాడు. ఉద్దానానికి హిరమండలం జలాశయం నుండి నీటిని తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. కారణం తేలకుండానే మంచినీరు ఇవ్వవచ్చునని ఒప్పుకొనడానికి ఇన్నేళ్ళు పట్టింది.

పాఠకులకు నా మనవి: ఒళ్ళునొప్పులకు సొంతంగా మాత్రలు మింగవద్దు. పసర్లు, భస్మాలు కూడా తెలియక వాడవద్దు. ఎండలో పనిచేసేవారు దాహం వేయకముందే నీరు త్రాగాలి. ఈ వ్యాధి ఉన్న ప్రాంతాలవారు ఏటా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో మాంసకృత్తు పరీక్షించుకోవాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కొబ్బరినీరు సైతం ప్రమాదమే. వైద్యుని అడగనిదే త్రాగరాదు. డయాలిసిస్ అవసరమైనవారు మా కషాయాలను నమ్మి దానిని మానరాదు. ఈ మాట వైద్యుడిగా నేను ఆ రైతుకు పడిన ఋణం.