కొల్లేటి ఒడ్డున మేసిన గొర్రెకు దవడ కింద నీరెందుకు దిగుతుంది?

వేసవిలో కొల్లేరు తగ్గేకొద్దీ బయటపడిన నేలమీద పచ్చిక మొలుస్తుంది. మందలు అటే పోతాయి. కొన్నాళ్లకు ఓ గొర్రె నీరసిస్తుంది. కనురెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది. దవడ కింద మెత్తగా నీరు దిగుతుంది.

ఇది కార్జపు జలగ పని. ఆకులా పలచగా ఉండే ఈ పురుగు కాలేయంలోని పైత్యనాళాల్లో కాపురముండి రక్తం తాగుతుంది. అందుకే ఆ పాలిపోవడం, దవడ కింద ఆ నీరు. దాని గుడ్లు పెంటికలతో బయటపడతాయి. నీళ్లలో గుడ్డు చిట్లి వచ్చిన పిల్ల నత్తలోకి దూరుతుంది. అసలు విడ్డూరం అక్కడే! నత్త కడుపులో ఆ ఒక్కటే వందలవుతుంది. అవి బయటికి ఈది, తోక వదిలేసి, గడ్డిపోచకు అంటుకుని గట్టి పొరలో కాచుకుంటాయి. గొర్రె మేసేది ఆ పోచనే.

మరి ఆపడమెలా? నట్టల మందులన్నీ ఒకటి కావు. ఐవర్‌మెక్టిన్ ఈ జలగను ఏమీ చేయదు. ఆక్సిక్లోజనైడ్ ఎదిగినవాటిని చంపుతుంది కానీ లేతవి మిగిలిపోతాయి. ట్రైక్లాబెండజోల్ లేతవాటి మీదా పనిచేస్తుంది. ఏది, ఎంత అన్నది పెంటికల పరీక్ష, గొర్రె బరువు చూసి పశువైద్యులే చెప్పాలి.

మందుతో పాటు మేతా మారాలి. నీటి అంచు వదిలి మెరకన మేపాలి. బాతులు నత్తల్ని ఇష్టంగా తింటాయి, అదీ మేలే. అయితే బాతులు తిరిగిన చోట వెంటనే గొర్రెల్ని దింపకూడదు. గడ్డికి అంటుకున్న జలగ పిల్లలు తడి ఉన్నన్నాళ్లూ బతికే ఉంటాయి.