హస్తినలో సింహపు చేప

సముద్రతీరానికి వందలాది కిలోమీటర్ల దూరాన ఉన్న రాజధానిలో సముద్రాన్ని ఇంటికే తెచ్చుకొనే వేడుక ఒకటి సంపన్నుల మధ్య కనిపిస్తున్నది. మంచినీటి తొట్టిలో బంగారు చేపలను పెంచడం పాత ముచ్చట. ఇప్పటి మోజు ఉప్పునీటి తొట్టి. అందులోనూ పగడపు దిబ్బల మధ్య వేటాడి బ్రతికే చేప. దక్షిణ ఢిల్లీలోని కొన్ని ఇండ్లలో, టెలివిజన్ ఉండవలసిన చోట, ‘లయన్ ఫిష్’ దర్శనమిస్తున్నది.

అందమైన చేపే, సందేహం లేదు. ఎరుపు, తెలుపు చారల ఒడలు, నెమలి పింఛం వలె విప్పిన రెక్కలు. ఆ సొగసు నడుమ 18 విషపు ముండ్లు ఉన్నవి. వాటిలో 13 వీపు మీదనే. తొట్టి శుభ్రం చేసే పనివాని చేతికి ముల్లు గుచ్చుకొన్నచో బాధ భరింపరానిది. ఓర్వగలిగినంత వేడినీటిలో చేతిని ఉంచి వైద్యుని వద్దకు పరుగెత్తవలసినదే. ఆ విషంలోని మాంసకృత్తులు వేడికి చెడిపోతవి. ఈ ముండ్లు ఆత్మరక్షణకే, వేటకు కావు. రెక్కలు చాచి చిన్న చేపలను మూలకు తరిమి, రెప్పపాటులో మింగివేస్తుంది. దాని నోట పట్టే చేపను అదే తొట్టిలో వేయడమంటే విందు వడ్డించడమే!

పోషణ సులభం కాదు. అడుగుకు మించి పెరిగే చేపకు నాలుగైదు వందల లీటర్ల నీరైనా కావలెను. శుద్ధమైన నీటిలో సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని కొలత ప్రకారం కలపవలెను. నీరు నింపిన నాడే చేపను విడువరాదు. మలినం నుండి పుట్టే అమోనియాను హరించే సూక్ష్మజీవులు పెరుగుటకు నాలుగు నుండి ఆరు వారాలు పట్టును. నీటి వేడి 25 డిగ్రీల దరిదాపులలో ఉండవలెను. ఢిల్లీలో మే నెల ఎండ 45 డిగ్రీలు! కరెంటు పోయినచో ఇంటి యజమాని విసనకర్రతో సరిపెట్టుకొనగలడు. చేపకు ఆ వీలు లేదు. నీరు వేడెక్కిన కొలదీ అందులోని ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఆహారం మరొక చిక్కు. కొత్తగా వచ్చిన చేప కదిలే ఎరను తప్ప ముట్టదు. పుల్ల చివర రొయ్య ముక్కను ఆడించి ఓపికగా మప్పవలెను. అంతటి ఓపిక లేనివారు బంగారు చేపలను కొని వేస్తారు. ఆ తిండితో అది కొంతకాలానికి నీరసిస్తుంది.

ఇంతకూ ఇది వచ్చేది ఎక్కడి నుండి? మన లక్షద్వీప, అండమాను జలాలలోనూ ఈ జాతి చేపలు ఉన్నవి. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు క్లౌన్ ఫిష్‌ను తొట్లలో పొదిగించగలిగినారు. లయన్ ఫిష్ పిల్లలు తొలి వారాలు నడిసముద్రంలో తేలుతూ గడుపుతవి గనుక ఆ పని కష్టతరం. అంగడికి వచ్చేవి దాదాపుగా సముద్రంలో పట్టినవే. ఫిలిప్పీన్సులో 1960ల నుండి సోడియం సయనైడ్ చిమ్మి రంగుల చేపలను పట్టే దుర్మార్గం సాగినది. చేప సొమ్మసిల్లుతుంది, పక్కనున్న పగడం చచ్చిపోతుంది.

విసుగెత్తి విడిచిపెట్టడం మరొక అనర్థం. 1985లో ఫ్లోరిడా తీరాన ఈ చేప కనబడినది. అక్కడి సముద్రం దానిది కాదు. తొట్ల యజమానులు వదలినవే ఇందుకు మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. తరువాత అది కరీబియన్ అంతటా వ్యాపించినది. బహామాసులో జరిపిన పరిశోధనలో, ఇది చేరిన చిన్న దిబ్బలపై కొత్తగా వచ్చి చేరే చేపపిల్లల సంఖ్య అయిదు వారాలలో 79 శాతం తగ్గినది. ఫ్లోరిడా ప్రభుత్వం 2014లో దిగుమతిని నిషేధించినది. మనకు ఇది దూరపు కథ కాదు. తొట్ల అద్దాలు శుభ్రపరచునని తెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప నేడు ఆంధ్ర చెరువులలో చేరి రైతుల వలలను చింపుతున్నది.

పార్లమెంటు 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసినది. 2001లో దాని మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టే పగడాలనూ, నీటి గుర్రాలనూ, రాక్షస గ్రూపర్‌నూ చేర్చినారు. 2022 సవరణతో షెడ్యూళ్లు ఆరు నుండి నాలుగైనవి. లయన్ ఫిష్ పేరు మాత్రం వాటిలో లేదు. తొట్టిలో అలంకారానికి నిజమైన పగడపు కొమ్మ ఉంచితే నేరం. ఆ కొమ్మల మధ్య పుట్టిన చేపను ఉంచితే వినోదం! ఇల్లు రక్షితం, కాపురమున్నవాడు కాడు. ఆ చేపను ఎవరు, ఏ దిబ్బ వద్ద, ఏ విధంగా పట్టినారో తెలిపే కాగితమేదీ సాధారణంగా కొన్నవారి చేతికి రాదు.