గాలి ఆగినా కరెంటు ఆగదు!

చిత్రదుర్గ: జోగిమట్టి కొండల మీద గాలిమర రెక్కలు ఆగితే చూసేవాళ్లకు అది నిద్రపోతున్నట్టే ఉంటుంది. లోపల ప్యానెల్ బోర్డు మాత్రం మేలుకునే ఉంటుంది. చళ్లకెరె, మొళకాల్మూరు, పావగడ వైపు నుంచి ఐటీఐ చేసి మరల మీద పనికి వెళ్లే మన కుర్రాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

గాలి లేనప్పుడు కరెంటు ఎక్కడిదంటారా? గ్రిడ్‌ది. చాలా మరలు 690 వోల్టుల కరెంటు తీస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 33 కేవీకి పెంచి సబ్‌స్టేషన్‌కు పంపుతుంది. మర ఆగితే అదే దారిలో గ్రిడ్ కరెంటు వెనక్కి వస్తుంది. బోర్డులో మెయిన్ బ్రేకర్ ఆపినా, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కేబుళ్లలో సరఫరా ఉంటుంది.

ముట్టుకోకపోయినా...

షాక్ వేరు, ఇది వేరు. స్పానర్ జారి బస్‌బార్ల మధ్య పడినా, తేమ, దుమ్ము పేరుకున్నా, ఎలుక దూరినా కరెంటు గాలిలోంచే దూకుతుంది. ఇదే ఆర్క్ ఫ్లాష్. వేడి 19 వేల డిగ్రీల సెల్సియస్ దాకా పోవచ్చు. సూర్యుడి ఉపరితలమే 5,500 డిగ్రీలు! రాగి ఆవిరై పేలుతుంది. ముఖం, చేతులు కాలతాయి, కళ్లు, చెవులు దెబ్బతింటాయి. తీగను తాకనక్కర్లేదు, బోర్డు ముందు నిలబడితే చాలు.

33 కేవీ అంటే అందరికీ భయమే. 690 అనేసరికి ఏముందిలే అన్న ధీమా. కానీ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఆ బోర్డులో షార్టయితే వేల ఆంపియర్లు పారతాయి. బ్రేకర్ ట్రిప్ కావడం ఎంత ఆలస్యమైతే మంట అంత ఎక్కువ.

ఎల్‌సీ తీసుకున్నారా?

33 కేవీ వైపు ఆపించి, లైన్ క్లియర్ కాగితం మీద తీసుకోవాలి. ఫోన్లో 'ఆపేశాం అన్నా' అంటే చాలదు. స్విచ్‌కు తాళం వేసి చెవి జేబులో పెట్టుకోవాలి. తర్వాత టెస్టర్‌తో చూసి, ఎర్త్ వేయాలి. టెస్టర్ పెట్టేటప్పుడూ ఫ్లాష్ కొట్టొచ్చు, అందుకే ఆర్క్ సూటు, ముఖకవచం అప్పటికే ఒంటిమీద ఉండాలి. రబ్బరు గ్లౌజులు షాక్‌కే. పాలిస్టర్ చొక్కా అసలొద్దు, కరిగి చర్మానికి అంటుకుంటుంది.

ప్రమాదం జరిగితే సరఫరా ఆగిందని తేలాకే దగ్గరికెళ్లాలి. కాలినచోట 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. ఐసు, టూత్‌పేస్టు, సిరా వద్దు. కాలిన గాయాలకు ప్రత్యేక వార్డున్న బెంగళూరు విక్టోరియా ఆసుపత్రి ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్లు. కొండ మీద నీళ్ల క్యాన్లు, వాహనం సిద్ధంగా ఉన్నాయో లేదో పని మొదలుపెట్టకముందే చూసుకోవాలి.

చిన్న గాయమేనంటూ అక్కడికక్కడే సర్దేయడం కుదరదు. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం మనిషికి గాయమైతే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు తెలపాల్సిందే.