పెంపుడు పక్షులలో స్వలింగ జంటలు

అన్యోన్యముగా నుండు దంపతులను చిలుకాగోరింకలతో పోల్చుట తెలుగువారికి చిరకాలముగా నున్న వాడుక. కాని ప్రకృతిలో చిలుక గోరింకతో జతకట్టదు. అవి వేర్వేరు జాతులు. మనము ఊహించుకొను జంటకును, పక్షులు తాముగా కట్టుకొను జంటకును ఎంత యెడమున్నదో ఈ పోలిక వలననే తెలియుచున్నది. ఒక పంజరములోని రెండు పక్షులు క్షణమైన విడివడక యుండినచో, అందొకటి మగదనియు రెండవది ఆడదనియు మనము తలంతుము. రెండును మగవే కావచ్చును, రెండును ఆడవే కావచ్చును. అట్టి జంటల స్వభావమెట్టిది, వానిని పెంచువారు చేయవలసినదేమి అను విషయములను ఈ వ్యాసమున విచారింతము.

చంద్రపూరు తాపవిద్యుత్కేంద్రము నాశ్రయించి వెలసిన ఊర్జానగర్ వంటి క్వార్టర్ల బస్తీలలో పశువులను పెంచుటకు చోటు చాలదు గాని, వరండాలో నొక పంజరమునకు చోటు దొరకును. మన రామచిలుకను బంధించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. కనుక ఇండ్లలో పెంచదగినవి ముఖ్యముగా విదేశీయములైన చిన్న పక్షులు. అంగళ్లలో "లవ్ బర్డ్స్" అని అమ్మునవి తరచుగా ఆస్ట్రేలియా దేశపు బడ్జరిగార్ చిలుకలు. నిజమునకు ఆ పేరు ఆఫ్రికా ఖండమునకు చెందిన వేరొక చిలుకది. జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో బ్రతికియున్న బడ్జరిగార్లను ఇంగ్లండునకు తీసికొని పోయిన తరువాత వాని పెంపకము లోకమంతట వ్యాపించెను. జీబ్రా ఫించి, జావా పిచ్చుక, పావురము మొదలగునవి తక్కిన పెంపుడు పక్షులు.

వీనిలో ఆడ మగ తేడాను గుర్తించుట అన్నిటియందు సమానముగా సులభము కాదు. వయసు వచ్చిన బడ్జరిగార్ మగపక్షికి ముక్కు మొదటనుండు మెత్తని చర్మము నీలముగను, ఆడదానికి గోధుమవన్నెగను ఉండును. పిల్లలయందు ఈ భేదము స్పష్టముగా నుండదు. పసుపు, తెలుపు రంగుల కొన్ని రకములలో మగవానికి పెద్దయైనను నీలిరంగు రాదు. జీబ్రా ఫించి మగదానికి చెంపలపై నారింజవన్నె మచ్చ లుండును. జావా పిచ్చుకలు, పావురములు చూపునకు ఒకే తీరుగా నుండును. ఒక యీకను పరీక్షాలయమునకు పంపి లింగనిర్ణయము చేయించు పద్ధతి యిప్పుడున్నది గాని, సంతలో కొనువారు ఆ శ్రమ పడుట అరుదు. కావున "జత" యని కొనినవి స్వలింగ జంటలగుటలో వింత లేదు.

అయినను ఆ జంట పొరపాటున నేర్పడిన నటన కాదు. జతకట్టిన పక్షులు ఒకదాని మెడ యీకల నొకటి దువ్వును. రెక్కకు రెక్క తాకునట్లు కూర్చుండును. తిన్న గింజలను తిరిగి పైకి తెచ్చి ఒకదాని నోట నొకటి పెట్టును. గూటిని కలిసి కాపాడును. స్వలింగ జంటలందును ఈ లక్షణము లన్నియు కనబడును. ఆడ పావురములు మగది లేనప్పుడు తమలో తాము జతకట్టి, పిల్ల కాని గ్రుడ్లు పెట్టునని క్రీ.పూ. 4వ శతాబ్దముననే అరిస్టాటిల్ వ్రాసెను. ఒంటరిగా నుంచిన ఆడ పావురము గ్రుడ్లు పెట్టకపోయినను, మరియొక ఆడ పావురమును గాని, అద్దములో తన నీడను గాని చూచినచో పెట్టునని 1939లో హారిసన్ మాథ్యూస్ ప్రయోగపూర్వకముగా చూపెను. తోడు కనబడుటయే ఆ దేహమును కదలించుచున్నది.

మగవాని విషయమున 2011లో జూలీ ఎలీ, ఆమె సహచరులు జీబ్రా ఫించులపై ప్రకటించిన పరిశోధన ముఖ్యమైనది. మగవానినే కలిపి పెంచగా అవి జతలు కట్టెను. ఆ బంధము ఆడ మగ జంటల బంధమునకు తీసిపోలేదు. పిమ్మట ఆడపక్షులను ప్రవేశపెట్టినను పలు మగపక్షులు తొలి చెలికానిని విడువలేదు. ఇది పంజరపు వికారమని యనుటకు వీలులేదు. హవాయి దీవులలోని ఓహూలో స్వేచ్ఛగా తిరుగు లేసాన్ ఆల్బట్రాస్ పక్షుల జంటలలో నూటికి 31 ఆడ జంటలే యని 2008లో తేలెను. అచ్చట మగపక్షులు తక్కువ. ఒంటిపక్షి పిల్లను పెంచజాలదు. రెండాడుపక్షులు కూడినచో పెంచగలవు.

ఇందుండి గ్రహింపవలసిన దేమనగా, పక్షికి జంట సంతానము కొరకే కాదు. కావలి, తోడు, ఊరట కూడ జంట వలననే కలుగును. సంవత్సరము గడచినను పిల్లలు కాలేదని విసిగి, ఒకదానిని తీసివేసి మరియొకదానిని తెచ్చువారు కలరు. అట్లు విడదీయబడిన పక్షి ఒక్కొక్కప్పుడు గింజలు ముట్టదు. తన యీకలను తానే పెరుకుకొనును. క్రౌంచమిథునములో నొకటి నేలగూలుట చూచి వాల్మీకి హృదయము కరిగిన కథ నెఱిగిన మనము, పంజరములో ఆ పని చేయనేల? పిల్లలు కావలెనన్నచో వేరొక పంజరమున వేరొక జతను పెంచుటయే న్యాయము.

పెంపకమున కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. మగ బడ్జరిగార్లు రెండు కలిసి సాధారణముగా శాంతముగా నుండును. ఆడవి రెండైనచో గూటి ముంత కొరకు తీవ్రముగా పోరాడుట కలదు. కావున ముంతను తొలగించుట మేలు. అవి గ్రుడ్లు పెట్టినచో వెంటనే తీసివేయరాదు. తీసినకొలది మరల పెట్టి, సున్నపు సత్తువ కోల్పోయి, గ్రుడ్డు లోననే తగులుకొని ప్రాణాపాయము కలుగవచ్చును. పొదిగి విసుగుచెందు వరకు ఉంచి, కొర్రలతోపాటు సముద్రపు నురుగు ముక్కను పంజరమున కట్టవలెను. చంద్రపూరు వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటును గనుక పంజరమును నీడనుంచి, నీటిని పలుమార్లు మార్చవలెను.

పక్షుల నడవడినుండి మనుష్యధర్మమును నిర్ణయించుట తగదు. మన ధర్మమును వానిపై మోపుటయు తగదు. అయినను, ఇట్టి జంటలు ప్రకృతిలో లేవను మాట మాత్రము శాస్త్రము ముందు నిలువదు. మన యింట రెండు పక్షులు ఒకదాని యీకల నొకటి దువ్వుచున్నప్పుడు, ఏది మగది, ఏది ఆడది యను విచారణ పెంపకమునకు అవసరమైనంత వరకు చేసి, ఆపైన వాని చెలిమిని చెడగొట్టకుండుట పెంచువారి కర్తవ్యము.